హంజా యాప్ ఎలా ఉందో పొగమంచు అక్షరం చెప్పింది

కొరియన్ నేర్చుకునే చాలామంది హంజా, అంటే ఆ భాషలోకి వచ్చిన చైనా అక్షరాలు, మనకెందుకులే అని వదిలేస్తారు. నేనూ రెండేళ్లు అలాగే వదిలేశాను. ఇప్పుడు ఆరు నెలలుగా ఒక హంజా నిఘంటువు యాప్ వాడుతున్నాను, బాగా నచ్చింది.

పొగమంచు అక్షరమే తీసుకోండి. మొత్తం 19 గీతలు, వేలితో వంకరటింకరగా గీసినా యాప్ పట్టేసింది. పైన వాన గుర్తు 8 గీతలు, కింద 'పని, బాధ్యత' అనే అర్థమున్న ఇంకో అక్షరం 11 గీతలు. పొగమంచుకీ బాధ్యతకీ ఏం సంబంధమని బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు, పైది అర్థం కోసం, కిందది 'ము' అనే శబ్దం కోసం. ఈ రెండు ముక్కల్నీ వేరే వేరే రంగుల్లో చూపించడం నిజంగా మంచి పని.

కొరియన్లు దీన్ని 'అన్‌గే ము' అంటారు. అన్‌గే వాళ్ల సొంత మాట, మామూలుగా మాట్లాడేటప్పుడు అదే వాడతారు. ము మాత్రం వేరే అక్షరంతో జతకట్టే వస్తుంది: సముద్రం మీది మంచు 'హేము', స్ప్రే సీసా 'పున్ముగి', అంటే మంచులా చిమ్మే పరికరం. వార్తల్లో ఏదైనా ప్లాన్ 'ముసాన్' అయిందంటే అందులోది 'లేదు' అనే ము అనుకునేదాన్ని, కాదట, అదీ పొగమంచే! ప్లాన్ మంచు విడిపోయినట్టు విడిపోయిందని.

అన్నిటికంటే నచ్చింది 'ఓరిముజుంగ్'. ఓరి అంటే బాతు కదా, మంచులో బాతు తప్పిపోయిందేమో అని చాలా రోజులు అలాగే గుర్తుపెట్టుకున్నాను. ఇక్కడ ఓరి అంటే ఐదు 'రి'లు, కొరియా లెక్కలో సుమారు 2 కిలోమీటర్లు. చైనాలో హాన్ వంశం రోజుల్లో జాంగ్ కై అనే ఆయన అంత దూరం పొగమంచు కమ్మించగలిగేవాడని కథ, ఆ మంచు మధ్యలో ఉన్నట్టు ఏమీ అంతుపట్టని స్థితిని ఇప్పటికీ ఈ మాటతోనే చెబుతారు. దొంగ ఎక్కడున్నాడో ఆచూకీ దొరక్కపోయినా ఇదే మాట.

ఇబ్బంది ఒక్కటే, కానీ పెద్దదే. హంగుల్‌లో, అంటే కొరియన్ల సొంత లిపిలో, 'ము' అని కొడితే లేదు, యుద్ధం, నాట్యం, పొగమంచు అన్నీ ఒకే గుట్టగా వచ్చి పడతాయి, అర్థాన్ని బట్టి వడపోసే వీలే లేదు. అందుకే అక్షరం కళ్ల ముందుంటే మాత్రం టైప్ చేయకండి, గీసే వెతకండి.