స్టానేజ్ ఎడ్జ్‌లో ఊజెల్ కనిపించింది, బస మాత్రం ఏడిపించింది

రింగ్ ఊజెల్ అనే పిట్టను చూద్దామని ఇంగ్లండ్‌లోని పీక్ డిస్ట్రిక్ట్ కొండ ప్రాంతానికి వెళ్లాం. బసకి రాత్రికి 112 పౌండ్లు. మర్నాడు తెల్లవారుజామునే వెళ్లాలి, బ్రేక్‌ఫాస్ట్ పొట్లం కట్టి ఇస్తారా అని ముందే ఫోన్‌లో అడిగితే సరేనన్నారు. తీరా వెళ్లాక "ఎనిమిదిన్నరకి ముందు ఏమీ ఉండదు" అన్నారు. రాత్రి పదికల్లా హీటర్ ఆపేశారు. ఇంకో దుప్పటి అడిగితే 5 పౌండ్లు! ఏప్రిల్‌లో పీక్ డిస్ట్రిక్ట్ చలి ఎలా ఉంటుందో అక్కడివాళ్లకు తెలియదా? ఖమ్మం నుంచి వచ్చిన మా మామగారు స్వెటర్ మీద కోటు వేసుకుని, సాక్సులతోనే పడుకున్నారు. ఒక్క మాట అనలేదు. అదే నాకు ఎక్కువ బాధేసింది. డబ్బు వెనక్కి అడగమని మా ఆవిడ పోరింది. అడిగాను, ఇవ్వలేదు.

ఖాళీ కడుపులతోనే ఆరుంపావుకి స్టానేజ్ ఎడ్జ్ అనే పొడవాటి రాతి గుట్ట కిందకి చేరాం. "ఎవరో రాళ్లు కొడుతున్నారేంటి?" అన్నారు మామగారు. గులకరాళ్లు తాకించినట్టు టక్ టక్ టక్. అదే రింగ్ ఊజెల్ కేక! ఆయనే ముందు విన్నారు.

నల్లటి పిట్ట, గుండె మీద తెల్లటి నెలవంక. గొర్రెలు మేసిన పొట్టి గడ్డిలో దిగి వానపామును పట్టింది. కాళ్లు నిలదొక్కుకుని వెనక్కి వాలి లాగుతుంటే అది రబ్బరులా సాగి, చివరికి పుటుక్కున ఊడింది. మింగలేదు, ముక్కున కరుచుకునే ఇంకోదాని కోసం వెతికింది. గూట్లో పిల్లలున్నాయన్నమాట. హీథర్ అనే పొట్టి కొండ పొదల్లోనో రాతి పగుళ్లలోనో గూడు పెడుతుంది. గూడున్న చోట ఎక్కొద్దని బోర్డులు పెట్టారు, కొండలెక్కే కుర్రాళ్లు వాటిని చూసి పక్కకు వెళ్తున్నారు. చూసి ఎంత సంతోషమేసిందో!

ఇది చలికాలం ఇక్కడ ఉండదు. మార్చి, ఏప్రిల్‌లో వస్తుంది. ఇక్కడి ఎండాకాలం చివర్లో, అంటే ఆగస్టు ప్రాంతంలో, పురుగుల నుంచి బిల్‌బెర్రీ, రోవన్ పళ్లకు మారుతుంది. అక్టోబరు నాటికి చాలావరకు దక్షిణ స్పెయిన్, మొరాకో అట్లాస్ కొండలకు వెళ్లిపోయి జునిపర్ పళ్ల మీద బతుకుతుంది. "అంత దూరం పోయి మళ్లీ ఈ రాళ్లకే వస్తుందా?" అని మామగారు రెండుసార్లు అడిగారు.

వెళ్లేవాళ్లు షెఫీల్డ్‌లో గది తీసుకోండి. అక్కణ్ణించి కారులో అరగంట. ఫ్లాస్కులో టీ, పులిహోర మీరే తీసుకెళ్లండి. రోవన్ పళ్లు పండే సెప్టెంబరులో మళ్లీ వెళ్దామని మా ఆవిడ అప్పుడే సెలవు పెట్టేసింది.