కార్సన్ సిటీ మీదుగా వేగాస్‌కి: నెవాడాలో ఎక్కడ ఆగాలి, ఎక్కడ దిగాలి

ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లని మనవాళ్లు తప్పకుండా తీసుకెళ్లే ఊళ్లలో లాస్ వేగాస్ ఒకటి. విమానం దిగడం, కాసినో హోటళ్లు బారులు తీరిన స్ట్రిప్ అనే వీధి మీద లైట్లు చూడటం, మర్నాడు పొద్దున్నే గ్రాండ్ కేన్యన్ బస్సెక్కడం. మేం ఈసారి బే ఏరియా నుంచి కారులో రీనో, కార్సన్ సిటీ, టోనోపా మీదుగా కిందికి దిగాం. మామయ్యగారు ఇరిగేషన్‌లో చేసి రిటైరయ్యారు, ఆయనకి హూవర్ డ్యామ్ కావాలి. పంట పండని ఈ ఎడారి రాష్ట్రం ఏం అమ్ముకుని బతికిందో చూడాలని నాకు. డ్యామ్ సంగతి పక్కన పెడితే, పెట్టిన డబ్బుకి తగ్గ చోట్లు ఎక్కువగా ఉత్తరానే దొరికాయి.

రీనోకి ఒక పూట చాలు. ట్రకీ నది వంతెన దాటగానే 1911 నాటి కోర్టు భవనం కనిపిస్తుంది. 1931లో నెవాడా ఒకే ఏడాది రెండు పనులు చేసింది. జూదాన్ని చట్టబద్ధం చేసింది, విడాకులు కావాలంటే ఆరు వారాలు ఇక్కడ ఉంటే చాలంది. ఆరు వారాలంటే గది అద్దె, భోజనం, లాయరు ఫీజు. ఊళ్లో చాలామందికి దాని మీద రాబడి. మేం దిగిన కాసినో హోటల్ చవకే గానీ, లిఫ్టు దగ్గరికి వెళ్లాలంటే సిగరెట్ పొగలోంచే నడవాలి. ఆయాసం ఉన్నవాళ్లు వెంట ఉంటే కాసినో లేని హోటల్ చూసుకోండి.

వర్జీనియా సిటీ కొండ మీద, ఆరు వేల అడుగుల పైన ఉంది. అన్నీ వాలు వీధులే, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ప్రధాన వీధి సి స్ట్రీట్‌లో ఉండిపోతే మంచిది. 1859లో ఇక్కడ కామ్‌స్టాక్ అనే పెద్ద వెండి నిల్వ బయటపడింది. భూమి లోపలికి దిగిన ప్రతివాడికీ రోజుకి 4 డాలర్లు ఇవ్వాల్సిందేనని గని కార్మికుల సంఘం పట్టుబట్టి సాధించింది, ఆ రోజుల్లో అది పెద్ద కూలి. ఆ సంఘమే చైనావాళ్లని గనుల్లో అడుగు పెట్టనివ్వలేదు. గని టూర్‌లో మా గైడు మొదటి ముక్క ఉత్సాహంగా చెప్పాడు, రెండోది అడిగితే గానీ చెప్పలేదు. వీధి నిండా మిఠాయిలు, టీ షర్టుల కొట్లే. వాటికన్నా 1876 నాటి ఫోర్త్ వార్డ్ స్కూల్ మ్యూజియం ఎంతో నయం. చలికాలంలో అది మూసి ఉంటుంది, ముందే కనుక్కోండి.

కార్సన్ సిటీ రాజధాని అంటే నమ్మబుద్ధి కాదు, అంత చిన్నది. వెండి రంగు గుమ్మటం ఉన్న పాత కాపిటల్ భవనంలోకి టిక్కెట్ లేకుండా వెళ్లొచ్చు. 1864లో లింకన్ రెండోసారి ఎన్నికకి నిలబడ్డప్పుడు, జనాభా సరిపోకపోయినా నెవాడాని హడావుడిగా రాష్ట్రం చేశారు. పోస్టులో పంపిన రాజ్యాంగం వాషింగ్టన్‌కి చేరకపోయేసరికి 16,543 మాటలూ టెలిగ్రాం కొట్టారు. ఖర్చు 4,303 డాలర్లు! అక్టోబర్ 31న రాష్ట్రం పుట్టింది, వారం తిరిగేసరికి ఎన్నికలు. ఇప్పటికీ అక్టోబర్ చివరి శుక్రవారం నెవాడా డే సెలవు, మర్నాడు ఊరేగింపు. ఆ వారాంతంలో హోటల్ గదులు దొరకడం కష్టం.

పాత టంకశాలే ఇప్పుడు స్టేట్ మ్యూజియం. 1870లో నాణేలు కొట్టిన ఒకటో నంబరు ప్రెస్సు ఇంకా పనిచేస్తుంది, కొన్ని రోజుల్లో పతకాలు కొట్టి చూపిస్తారు. పిల్లలకి కింద కట్టిన నమూనా గని బాగా నచ్చుతుంది. నన్ను ఆపింది మాత్రం జనాభా లెక్క. 1880లో 62 వేల మంది ఉంటే 1900కి 42 వేలు. వెండి పోయింది, జనం పోయారు. దీనికి రాష్ట్ర హోదా ఎందుకు, తీసేయండి అని తూర్పు పత్రికలు రాశాయి. అప్పటికే 1897లో, పక్క రాష్ట్రాలు వద్దన్న బాక్సింగ్ పోటీని చట్టం చేసి మరీ ఈ ఊళ్లోనే పెట్టుకున్నారు. విడాకులైనా జూదమైనా ఆ వరసలోవే.

ఒక్క చోటికే టైముంటే ఊరికి దక్షిణాన ఉన్న స్టూవర్ట్ ఇండియన్ స్కూలుకి వెళ్లండి. 1890 నుంచి 1980 దాకా వాషో, పైయూట్, షోషోనీ లాంటి స్థానిక ఆదివాసీ తెగల పిల్లల్ని తెచ్చి పెట్టిన బడి ఇది. మొదట్లో జుట్టు కత్తిరించి, సొంత భాష మాట్లాడితే శిక్షించేవారు. రంగురంగుల రాళ్ల గోడలు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి, వాటిలో చాలావరకు ఆ పిల్లల చేత కట్టించినవే. ఆవరణలో బోర్డుల మీదున్న నంబరుకి ఫోన్ చేస్తే అక్కడ చదువుకున్నవాళ్ల గొంతులే వినిపిస్తాయి. ఒక చెట్టు కింద స్పీకర్ పెట్టుకుని విన్నాం. మామయ్యగారికి ఇంగ్లిష్ యాస సగమే అర్థమైంది, అయినా అక్కడ్నుంచి కదలనన్నారు.

టోనోపా దాకా దారి పొడుగునా ఎడారే. ఈ రాష్ట్రంలో 80 శాతం భూమి కేంద్ర ప్రభుత్వానిది. అణు పరీక్షలకి తీసుకున్నది కూడా ఇందులోదే, 1951 నుంచి 1992 దాకా 928 పరీక్షలు జరిగాయి. ఆ నేల 1863 ఒప్పందం ప్రకారం తమదని వెస్టర్న్ షోషోనీలు ఇప్పటికీ అంటారు. టోనోపాలో 1907 నాటి మిజ్పా హోటల్‌లో దిగాం, స్ట్రిప్ మీద ఇచ్చినదాంట్లో సగం కూడా కాలేదు. శాకాహారులకి ఊళ్లో పెద్దగా ఏమీ లేదు, రైస్ కుక్కరూ పచ్చడి సీసా ఆదుకున్నాయి. పెట్రోలు ఇక్కడే నింపుకోండి. కిందున్న గోల్డ్‌ఫీల్డ్ ఒకప్పుడు రాష్ట్రంలోకెల్లా పెద్ద ఊరు, 1907లో సమ్మె అణచడానికి సైన్యం వచ్చింది. ఇప్పుడు కోర్టు భవనం తప్ప చూడ్డానికి పెద్దగా లేదు.

స్ట్రిప్ లాస్ వేగాస్ నగరంలో లేదు, పారడైజ్ అనే చోట కౌంటీ కింద ఉంది. నగర పన్నులు తప్పించుకోవడానికి 1950లో కాసినో వాళ్లు చేసుకున్న ఏర్పాటది. ఇక్కడ సొంత ఆదాయం మీద రాష్ట్ర పన్ను లేదు, ఆ లోటు పూడ్చేది మనలాంటి చుట్టపుచూపు వాళ్లే. గది అద్దె మీద పన్ను, పైన రోజుకి 40, 50 డాలర్ల రిసార్ట్ ఫీజు, పార్కింగ్ వేరే. మా హోటల్‌లో మామయ్యగారి ఇన్సులిన్ పెట్టాలని ఫ్రిజ్‌లో సీసాలు కాస్త పక్కకి జరిపాం. కదిపితే చాలు, సెన్సర్ బిల్లు వేసేస్తుందట. తాగని రెండు సీసాలు బిల్లులో ఎక్కాయి, తీయించుకునేసరికి అరగంట పట్టింది. మందులకి వేరే ఫ్రిజ్ కావాలని ముందే అడగండి.

గది శుభ్రం చేసే ఆవిడ మాత్రం రోజూ వచ్చేది, జేబు మీద యూనియన్ బ్యాడ్జి. కోవిడ్ తర్వాత చాలా హోటళ్లు ఈ పని తగ్గించేశాయి. రోజూ శుభ్రం చేసే పద్ధతి పోకుండా 2023 ఒప్పందంలో కలినరీ యూనియన్ అనే హోటల్ కార్మికుల సంఘం రాయించుకుంది. ఇదే యూనియన్ 1991 నుంచి ఆరేళ్లకు పైగా ఫ్రాంటియర్ హోటల్ ముందు సమ్మె చేసి గెలిచింది. టిప్పు రోజూ పెట్టండి, ఆఖరి రోజున ఒకేసారి పెడితే అది ఇంకొకరికి పోవచ్చు.

సాయంత్రం షోకి బదులు నియాన్ మ్యూజియం చూడమంటాను. 1955లో నల్లవాళ్లనీ తెల్లవాళ్లనీ కలిపి రానిచ్చిన మొదటి కాసినో మూలాన్ రూజ్ బోర్డు అక్కడే ఉంది. స్ట్రిప్ మీద పాడే నల్లజాతి కళాకారులు అప్పట్లో తాము పాడిన హోటల్‌లో నిద్రపోవడానికి లేదు, నల్లవాళ్లు ఉండే వెస్ట్‌సైడ్ పేటకి వెళ్లాలి. మూలాన్ రూజ్ నెలల్లోనే మూతపడింది. కానీ 1960లో నల్లజాతి నాయకులు నిరసన ఊరేగింపు తీస్తామని హెచ్చరించాక, నల్లవాళ్లకి స్ట్రిప్ తలుపులు తెరుస్తామని ఒప్పందం కుదిరింది ఆ మూలాన్ రూజ్‌లోనే.

చివరి మజిలీ బౌల్డర్ సిటీ. డ్యామ్ కూలీల కోసం కట్టిన ఈ ఊళ్లో ఇప్పటికీ జూదం నిషేధం. 1933 నాటి బౌల్డర్ డ్యామ్ హోటల్‌లో చిన్న మ్యూజియం ఉంది, పెద్దవాళ్లతో దిగడానికి ఈ ఊరే మేలు. 5 వేల మంది పనిచేసిన చోట నల్లవాళ్లని పదుల్లోనే తీసుకున్నారు, వాళ్లని ఊళ్లో ఉండనివ్వలేదు. రోజూ వేగాస్ నుంచి వచ్చి పోయేవారు.

డ్యామ్ లోపలికి దిగే గైడెడ్ టూర్ టిక్కెట్లు అక్కడికక్కడే ఇస్తారు, పొద్దున్నే వెళ్లాలి. మన సాగర్ 124 మీటర్లయితే ఇది 221. మామయ్యగారు ఎత్తుని పెద్దగా పట్టించుకోలేదు, గైడుని అడిగింది ఎక్కువైన నీళ్లు వదిలే స్పిల్‌వే గురించి. 1941లో పరీక్షకి, 1983 వరదలకి, అంతే, రెండుసార్లే వాడారట. "మరి ఇన్ని నీళ్లు ఎవరెవరికి పంచారు, కోత ఎవరికి పెట్టారు?" అని మొదలుపెట్టారాయన. ఆ బృందంలో మిగతావాళ్లంతా లిఫ్టెక్కి వెళ్లిపోయినా గైడు ఓపిగ్గా ఆగి కొలరాడో నది వాటాలన్నీ చెప్పాడు. టిక్కెట్ డబ్బులు అక్కడికే గిట్టుబాటయ్యాయి. పైన వంతెన మీదికి నడిచి వెళ్లడం ఉచితం, నీడ మాత్రం ఉండదు.