పదకొండేళ్ల హ్యాచ్‌బ్యాక్‌లో ఆరు రోజుల ప్రయాణం

బయలుదేరే ముందు రోజు రాత్రి తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, నా బండి తీసుకెళ్లు. అమ్మని అంత దూరం ఆ చిన్న కారులో తిప్పొద్దు" అన్నాడు. వాడిది కొత్తది, పెద్దది, ఏడు సీట్లది. వాడి ప్రేమ నాకు అర్థమైంది, అయినా వద్దన్నాను. నా బండి రోజూ చేసే చప్పుడేదో, కొత్తగా మొదలైన చప్పుడేదో నా చెవికి తెలుసు. ఘాట్ రోడ్డు ఎక్కబోతున్నప్పుడు నాకు అంతకంటే పెద్ద ధైర్యం లేదు.

మూడేళ్ల కిందట, 61,000 కిలోమీటర్లు తిరిగిన బండిని సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. 1.2 లీటర్ల పెట్రోల్ ఇంజన్, ఐదు గేర్ల మాన్యువల్. టర్బో లేదు, పెద్ద స్క్రీన్ లేదు. కొనేటప్పుడు రంగు, సీటు కవర్లు మేము పట్టించుకోలేదు. మేము వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని అమ్మే ఆయనకి ముందే చెప్పి, వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చల్లగా ఉందో లేదో చూశాం. వేడెక్కిన ఇంజన్ తన రోగాలు బయటపెట్టదు. ఆయిల్ మూత లోపల మీగడలాంటి జిడ్డు లేదు, పొగలో నీలం రంగు లేదు, సర్వీస్ పుస్తకంలో ఏ ఏడాదీ ఖాళీగా లేదు. టైర్లు మాత్రం పాతవి. టైరు పక్కన నాలుగంకెల ముద్ర ఉంటుంది. 2314 అని ఉంటే 2014లో 23వ వారం తయారైందని. అది చూసి నాలుగూ మార్చేశాం. ఆ తర్వాత ఆఫీసుకీ బడికీ తప్ప దీన్ని దూరం తీసుకెళ్లింది తక్కువ. ఇప్పుడు మీటరు 84,000 దాటింది.

మేము నలుగురం: నేను, మావారు, అమ్మ, తొమ్మిదేళ్ల బాబు. రెండు పెద్ద బ్యాగులు, అమ్మ మందుల సంచి, ఒక మడత కుర్చీ. డిక్కీ తలుపు పైకి లేస్తే వెనక మొత్తం తెరుచుకోవడం హ్యాచ్‌బ్యాక్‌లో నాకు మొదటి నుంచీ నచ్చే సంగతి. 1961లో వచ్చిన రెనో 4 ఈ ఐదో తలుపుని సామాన్యుల కార్లలోకి తెచ్చింది, 1974లో ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ దాన్ని ప్రపంచమంతా తిప్పింది. 2001 నాటి హోండా జాజ్ ఇంకో అడుగు వేసి పెట్రోల్ ట్యాంకుని ముందు సీట్ల కిందికి జరిపింది, దాంతో వెనక సీటు అడుగు భాగాన్నే పైకి మడిచి పొడవాటి సామాను నిలబెట్టుకోవచ్చు. మా దాంట్లో ఆ సదుపాయం లేదు. వెనక సీటు ఒక భాగం ముందుకి వంగుతుందంతే. నలుగురు కూర్చుంటే అదీ కుదరదు కాబట్టి మడత కుర్చీ ఇంట్లోనే దిగిపోయింది.

మొదటి రోజు 410 కిలోమీటర్లు, అంతా హైవే. గంటకి 90 దగ్గర బండి హాయిగా సాగింది. 100 దాటితే ఇంజన్ చప్పుడు, టైర్ల చప్పుడు కలిసి వెనక కూర్చున్నవాళ్లు గొంతు పెంచాల్సి వచ్చింది. లారీని దాటాలంటే నాలుగులోకి, ఒక్కోసారి మూడులోకి దిగి, ఎదురుగా రోడ్డు బాగా ఖాళీగా ఉన్నప్పుడే వెళ్లాలి. ఇది ఈ బండిలో నిజమైన లోటే. రోజూ హైవే మీద రెండు మూడు గంటలు నడిపేవాళ్లకి చిన్న ఇంజన్ హ్యాచ్‌బ్యాక్ కొనమని నేను చెప్పను. మాకు ఏడాదికి ఒకటి రెండుసార్లు వచ్చే పని కాబట్టి సరిపోయింది.

ఆ రాత్రి దిగిన హోటల్ హైవే పక్కనే ఉంది. గది శుభ్రంగా ఉంది, పడకలు బాగున్నాయి. పార్కింగే కష్టం. కిందికి నిటారుగా ర్యాంపు, అడుగున లంబకోణంలో మలుపు. మా ముందు వెళ్లిన పొడవాటి సెడాన్ అడుగు భాగం ర్యాంపు చివర గీసుకుపోయింది, ఆ చప్పుడుకి నాకే గుండె కలుక్కుమంది. మాది ఒకే తిప్పులో దిగింది. తాళం ఇచ్చి వెళ్లమని కుర్రాడు అడిగాడు, నేను ఇవ్వలేదు, తనూ పట్టుబట్టలేదు. గదికి మంచి మార్కులు వేస్తాను. పెద్ద బండితో వచ్చేవాళ్లు మాత్రం పార్కింగ్ ఎలా ఉందో ముందే ఫోన్ చేసి కనుక్కోవాలి.

రెండో రోజు ఉదయం బంకులో గాలి పట్టించాను. గాలి కొట్టే అబ్బాయి అన్ని బండ్లకీ ఒకే లెక్క పెట్టేస్తున్నాడు. డ్రైవర్ తలుపు తెరిస్తే పక్కన అంటించిన కాగితంలో మామూలుగా ఎంత, నిండా మనుషులుంటే ఎంత అని రెండు అంకెలుంటాయి. అవి చల్లని టైర్లకి చెప్పినవి. చూపిస్తే అలాగే పట్టాడు. నా దగ్గరున్న చిన్న గేజ్‌తో మళ్లీ చూస్తుంటే వెనక టైరులో మేకు కనిపించింది. పక్కనే పంక్చర్ షాపు. చక్రం విప్పకుండానే మేకు పీకి, జిగురు పట్టీ దూర్చి, సబ్బు నీళ్లు పోసి బుడగలు లేవని చూపించాడు. పది నిమిషాల పని. మా టైరు 14 అంగుళాలది, ఏ షాపులోనైనా దొరికే సైజు, డిక్కీ కింద అదే సైజు స్టెప్నీ ఉంది. ఈమధ్య కొన్ని కొత్త కార్లలో స్టెప్నీ బదులు పంప్, జిగురు సీసా ఇస్తున్నారు. టైరు పక్క గోడ చిరిగితే ఆ సీసాతో ఏం చేయాలి? కొత్త కారు కొనేవాళ్లు ఇది తప్పకుండా అడగాలి.

ఘాట్ సగం ఎక్కాక ఒక లారీ ఆగిపోయి, వెనక బండ్లన్నీ నత్తనడక నడుస్తున్నాయి. "ఏసీ చల్లగా రావట్లేదే" అంది అమ్మ. నా కళ్లు వెంటనే టెంపరేచర్ ముల్లు మీదికి వెళ్లాయి. ఎప్పుడూ సగం దగ్గర ఉండేది, ముప్పావు దాటింది. టెన్షన్ వచ్చింది, దాచను. ఏసీ ఆపేసి, అద్దాలన్నీ దించి, హీటర్ పూర్తిగా తిప్పాను. హీటర్ కూడా ఇంజన్ వేడి నీళ్లతోనే నడుస్తుంది కాబట్టి అది ఇంకో చిన్న రేడియేటర్‌లా వేడిని లాగేస్తుంది. కారులో అందరికీ చెమటలు పట్టాయి గానీ ముల్లు పైకి పోవడం ఆగింది. రెండు మలుపుల తర్వాత రోడ్డు వెడల్పయిన చోట పక్కకి ఆపాను.

ఇలాంటి కార్లలో ఇంజన్ అడ్డంగా ఉంటుంది. 1959లో వచ్చిన మినీ అనే బ్రిటిష్ కారుని ఇంజనీరు అలెక్ ఇసిగోనిస్ అలా గీసి, మూడు మీటర్ల కారులో నలుగురికి చోటు చేశాడు. ఇంజన్ అడ్డం తిరిగితే బెల్టుతో తిరిగే ఫ్యాను ముందున్న రేడియేటర్‌కి ఎదురుగా ఉండదు. అందుకే 1969 నాటి ఫియాట్ 128లో కరెంటు ఫ్యాను పెట్టారు, ఇప్పుడు దాదాపు అన్ని చిన్న కార్లలోనూ అదే. బండి వేగంగా పోతుంటే ఎదురుగాలే చాలు, ఫ్యాను పని చేయకపోయినా తెలియదు. నెమ్మదిగా ఎక్కుతున్నప్పుడు, ట్రాఫిక్‌లో ఆగినప్పుడు బయటపడుతుంది. ఏసీ చల్లదనం తగ్గడం దానికి మొదటి గుర్తు, ఎందుకంటే ఏసీకి కూడా ఆ ఫ్యానే గాలి ఇవ్వాలి.

ఇన్సూరెన్స్‌తో వచ్చిన రోడ్డు సహాయం నంబరుకి ఫోన్ చేశాం. మర్యాదగా మాట్లాడారు, రెండున్నర గంటలు పడుతుందన్నారు. ఘాట్ మధ్యలో అమ్మతో రెండున్నర గంటలు! రేడియేటర్ మూత జోలికి పోకుండా ఇంజన్ చల్లారనిచ్చి, ఫ్యూజ్ బాక్స్ తెరిచాం. మూత వెనక ఏది దేనిదో బొమ్మ ఉంది. ఫ్యాన్ ఫ్యూజ్ ఆకుపచ్చది, 30 ఆంపియర్లది, బాగానే ఉంది. ఇక రిలే, అంటే ఫ్యానుకి కరెంటు కలిపే చిన్న స్విచ్చు డబ్బా. మావారు హారన్ రిలే తీయబోతే, "ఘాట్‌లో హారన్ లేకుండా ఎలాగండీ" అని ఆపాను. పట్టపగలు ఫాగ్ లైట్లతో పని లేదు. అదే నంబరున్న ఫాగ్ లైట్ రిలే తీసి ఫ్యాన్ చోట పెట్టాం. ఇంజన్ స్టార్ట్ చేసి ఏసీ వేయగానే ఫ్యాను గిర్రున తిరిగింది. బాబు చప్పట్లు కొట్టాడు. వాళ్ల సహాయం వద్దని ఫోన్ చేసి చెప్పి, దారిపొడుగునా ముల్లుని చూసుకుంటూ ఎక్కేశాం.

పాత బండి చెడిపోదని నేను అనను. చెడిపోయినప్పుడు బానెట్ ఎత్తితే ఏది ఎక్కడుందో కనిపించాలి, చెయ్యి దూరాలి, దాని విడిభాగం చిన్న ఊళ్లో కూడా దొరకాలి. నమ్మకమైన బండి అని నేను దాన్నే అంటాను. ఆ సాయంత్రం కొండ మీది చిన్న ఊళ్లో మెకానిక్ అలమరలోంచి రిలే తీసి ఇచ్చాడు. ఇలాంటి బండ్లు ఆ ఊళ్లో పదుల్లో ఉన్నాయట.

కొండ మీద రెండు రాత్రులు ఉన్న హోమ్‌స్టే మా ప్రయాణంలో అన్నిటికంటే మంచి బస. లోయ వైపు కిటికీ, అమ్మకి మెట్లు లేని గది, అడగకుండానే ఇచ్చిన అదనపు దుప్పట్లు. కష్టం అక్కడి దాకా చేరడంలోనే. చివరి రెండొందల అడుగులు వదులు కంకర ఉన్న ఎత్తు. బరువంతా వెనక్కి పడి, బండిని లాగాల్సిన ముందు చక్రాలు తేలికై ఊరికే తిరిగిపోయాయి. ఫ్రంట్ వీల్ డ్రైవ్ బలహీనత ఇదే. తమ్ముడి బండి అయితే ఆలోచించకుండా ఎక్కేసేది, అది ఒప్పుకోవాలి. ఇంటాయన వచ్చి, "అందర్నీ దించి, రివర్స్‌లో ఎక్కించండమ్మా" అన్నారు. రివర్స్‌లో లాగే చక్రాలు పల్లం వైపు ఉంటాయి, బరువు వాటి మీదే పడుతుంది. ఆయన వెనక నిలబడి చెయ్యి ఊపుతుంటే మెల్లగా ఎక్కించేశాను. పైన ఆపాక హ్యాండ్ బ్రేక్ వేసి, గేరులో ఉంచి, ముందు చక్రానికి పల్లం వైపు ఒక రాయి పెట్టాం.

దిగేటప్పుడు రెండో గేరు. మా ముందు దిగుతున్న ఒక బండి బ్రేకు లైట్లు ఒక్క క్షణం ఆరలేదు, కాలిన వాసన మా దాకా వచ్చింది. పెడల్ తొక్కిన బలాన్ని చక్రాల దాకా చేర్చే బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలో తేమని పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పట్టాక ఆ ప్రమాణమే 155 డిగ్రీలకి పడిపోతుంది. ఆపకుండా తొక్కిన బ్రేకుల వేడికి అది మరిగితే ఆవిరి బుడగలొచ్చి పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది. సెకండ్ హ్యాండ్ బండి కొన్నవాళ్లు ఆయిల్ మార్చినంత శ్రద్ధగా దీన్ని మార్చరు. రెండేళ్లకోసారి మార్చడం చాలా చిన్న పని, ఘాట్ దిగేటప్పుడు అదే ప్రాణం.

సముద్రం ఊరి గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. లాడ్జి పాతది, గోడలకి చెమ్మ, కానీ వాచ్‌మన్ నీళ్ల గొట్టం ఇచ్చి, బండి అడుగు భాగం, చక్రాల గూళ్లు మంచి నీళ్లతో కడుక్కోనిచ్చాడు. ఉప్పు గాలి తగిలిన బండికి అది పెద్ద సేవ. బాబు ఇసుకలో తృప్తిగా ఆడాడు.

ఐదో రోజు పాత పట్టణంలో మా బండి విలువ అమ్మకి కూడా తెలిసింది. ఒక చిన్న కారు మాత్రమే పట్టే సందులు. అమ్మ ఎక్కువ దూరం నడవలేదు, ఏడు సీట్ల బండి అయితే ఊరి బయట మైదానంలో వదిలి ఆటో ఎక్కాల్సిందే. మేము నేరుగా గుమ్మం ముందు దాకా వెళ్లి, రెండు బండ్ల మధ్య కాస్త చోటులో పెట్టుకున్నాం. బస నడిపేవాళ్లు గది ఇంకా సిద్ధం కాలేదని గంటన్నర కూర్చోబెట్టారు. ముందే సమయం చెప్పి వచ్చాం కాబట్టి నాకు కోపం వచ్చింది, చెప్పాను. గది మాత్రం పైకప్పు ఎత్తుగా, చల్లగా ఉంది.

అమ్మకి నచ్చింది సీటు ఎత్తు. పూర్తిగా వంగి కూలబడక్కర్లేదు, కాలు పైకెత్తి ఎక్కక్కర్లేదు. "మీ తమ్ముడి బండిలో పైపిడి పట్టుకుని వేలాడాలి, ఇందులో కూర్చుని కాళ్లు లోపల పెట్టుకుంటే చాలు" అంది. వెనక సీటులో మధ్యలో మూడో మనిషి ఉంటే మాత్రం ఇంత దూరం నేను రానిచ్చేదాన్ని కాదు.

మొత్తం 1,640 కిలోమీటర్లకి 96 లీటర్లు పట్టింది, నిండా కొట్టించి మళ్లీ నిండా కొట్టించి చూసిన లెక్క. లీటరుకి 17 పైచిలుకు. హైవే మీద 18 దాటింది, కొండ మీద 13కి దిగింది.

ఇంటికొచ్చిన మర్నాడే మా మెకానిక్ దగ్గర బండిని పైకి ఎత్తించాను. ఇంజన్ బలాన్ని ముందు చక్రానికి అందించే డ్రైవ్ షాఫ్ట్ రబ్బరు తొడుగు ఒకటి పగిలి, గ్రీజు బయటికి చిమ్మింది. తిప్పినప్పుడు టకటక చప్పుడు ఇంకా మొదలవలేదు కాబట్టి జాయింట్ బాగానే ఉందన్నాడు. తొడుగు, గ్రీజు మార్చాడు. అలాంటి రిలే ఇంకొకటి కూడా కొని గ్లవ్ బాక్స్‌లో పెట్టుకున్నాను. తర్వాతి రోజు పొద్దున ఎనిమిదింటికి బాబుని బడి దగ్గర దించి, అటునుంచి అటే ఆఫీసుకి వెళ్లాను.