భైరవకోన దారిలో బయటపడిన టైర్ల వయసు

నెల్లూరులో నాలుగు కొత్త టైర్లకు 23,600 రూపాయలు చెల్లించి మూడు వారాలైనా గడవకముందే, అవి నాలుగేళ్ల కిందట తయారైన సరుకని భైరవకోనలో కారు కింద బురదలో వెల్లకిలా పడుకుని, సెల్‌ఫోను లైటు వెలుగులో తెలుసుకున్నాను. 2024 కార్తీకంలో కుటుంబంతో చేసిన ఆ రెండు రోజుల ప్రయాణం గురించి రాయడానికి కారణం ఇదే.

ఉద్యోగరీత్యా రోజూ నెల్లూరు నుంచి కావలికి కారులోనే వెళ్లి వస్తాను. రానూ పోనూ నూరు కిలోమీటర్లకు పైనే అవుతుంది కనుక, ఏ టైరు ఎక్కువ కాలం మన్నుతుందన్నదే అప్పటిదాకా నేను అడిగే ఏకైక ప్రశ్న. షాపు యజమాని ఆ ప్రశ్ననే పట్టుకుని, "ఇది ఆల్ వెదర్ టైరు సార్, ఎండకూ వానకూ ఒకటే, ఎనభై వేల కిలోమీటర్లు కళ్లు మూసుకుని తిరగండి" అన్నాడు. చలి దేశాల్లో ఆ మాటకు నిర్దిష్టమైన అర్థం ఉంది. మంచు మీద కూడా పట్టు నిలుపుకుంటుందని పరీక్షలో తేలిన టైరుకే అక్కడ మూడు శిఖరాల కొండ, అందులో మంచురేకు ఉన్న గుర్తు వేస్తారు. మన జిల్లాల్లో ఆ గుర్తు కోసం ఒక్క రూపాయి ఎక్కువ పెట్టనక్కరలేదు. మే నెల ఎండలో సలసల కాగే తారురోడ్డును తట్టుకోవడం, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురిసే ఈశాన్య రుతుపవనాల వానలో బ్రేకు వేస్తే నిలవడం, ఈ రెండే మనకు అన్ని కాలాలూ.

శనివారం మధ్యాహ్నం అమ్మతోనూ, మా ఆవిడతోనూ బయలుదేరి ఆత్మకూరు దాటేసరికి వాన పట్టుకుంది. ఉదయగిరి ఇంకా చాలా దూరం ఉందనగా ఒక చప్టా మీదికి గొర్రెల మంద అడ్డంగా వచ్చింది. వేగం యాభైకి మించి లేదు. బ్రేకు తొక్కగానే ఏబీఎస్ టకటక కొట్టుకుంది గానీ, కారు మాత్రం సబ్బు మీద జారినట్టు ముందుకు పోతూనే ఉంది. చక్రం బిగుసుకుపోకుండా చూడటమే ఏబీఎస్ పని. రబ్బరులో లేని పట్టును అది తెచ్చిపెట్టలేదు. చివరి గొర్రెకు మూరెడు దూరంలో కారు ఆగింది. అమ్మ ముందు సీటును రెండు చేతులతో పట్టుకుని ఉండిపోయింది. మా ఆవిడ ఉదయగిరి చేరేదాకా నాతో మాట్లాడలేదు.

ఉదయగిరిలో 900 రూపాయల లాడ్జి గది శుభ్రంగానే ఉంది, వేడినీళ్లకు మాత్రం బకెట్టుకు 20 రూపాయలు అదనంగా తీసుకున్నారు. ఆ ఊరి పేరు చెప్పగానే గుర్తొచ్చే చెక్క గరిటెలు, చెంచాలు 350 రూపాయలవి కొన్నాక ఇంట్లోవాళ్ల మనసు కొంత తేలికపడింది. మరునాడు సీతారామపురం మీదుగా భైరవకోన చేరాం. కొండరాతిని తొలిచిన ఎనిమిది శివాలయాలూ, వానలకు నిండుగా దూకుతున్న జలపాతమూ చూసి అమ్మ పొందిన ఆనందం ఆ ప్రయాణానికంతటికీ సరిపోయింది.

ఒంగోలు నుంచి మా బావమరిది తన కుటుంబంతో అక్కడికే వచ్చాడు. అతనిదీ నా కారు లాంటి డిజైరే, టైర్లదీ అదే 185/65 ఆర్15 సైజు. చీమకుర్తి గ్రానైట్ క్వారీల రోడ్డు మీద రోజూ తిరిగే మనిషి కావడంతో, టైరు గాడుల్లో ఇరుక్కున్న రాతిముక్కలను స్క్రూడ్రైవరుతో తీయడం, టైరును తడిమి చూడటం అతనికి అలవాటు. గొర్రెల సంగతి విని నా టైరు గాడిని బొటనవేలితో విడదీసి చూపించాడు. లోపల వెంట్రుకవాసి పగుళ్లు వరుసగా ఉన్నాయి. గాడి లోతు మాత్రం కొత్త టైరులో ఉండాల్సినంతా ఉంది. నేను ఇన్నాళ్లూ చూసింది ఆ లోతునే. టైరు ఏ ఏడాది ఏ వారంలో తయారైందో చెప్పే తేదీ అంకెలు బయటివైపు కనిపించలేదు. చాలా టైర్లకు ఆ అంకెలు ఒక పక్కనే ఉంటాయి, ఆ పక్కను లోపలికి తిప్పి బిగించారు. కారు కిందికి దూరి చూస్తే చిన్న కోడిగుడ్డు ఆకారపు గడిలో 3120 అని ఉంది. అంటే 2020లో 31వ వారం. "బావా, నీకు కొత్తవని అమ్మింది నాలుగేళ్ల పాత సరుకు" అన్నాడు.

నీడలో, చల్లటి గోదాములో పెట్టిన టైరు ఏడాదీ రెండేళ్లూ ఉంటే కొంపేమీ మునగదు. నాకు అమ్మిన టైర్లు నాలుగు నెల్లూరు వేసవులు రేకుల షెడ్డు కింద గడిపినవి, ఆ వేడికి రబ్బరు గట్టిపడిపోయింది. ఐదేళ్లు దాటిన టైరును ఏటా పరీక్ష చేయించాలని, పదేళ్లు దాటితే తీసేయాలని తయారీదారులే చెబుతారు. నేను డబ్బు చెల్లించే నాటికే ఆ ఐదేళ్లలో నాలుగు అయిపోయాయి. సదాశివపేటలో ఎంఆర్‌ఎఫ్, తడకు అవతల చినపాండూరులో అపోలో, శ్రీపెరుంబుదూరు వైపు సియట్ కర్మాగారాలు పనిచేస్తుండగా, మన ఊళ్లో కొత్త సరుకు దొరకదనే మాటకు అర్థం లేదు.

తిరుగు ప్రయాణంలో పామూరు, కందుకూరు మీదుగా ఒంగోలు దాకా ఇద్దరం కార్లు మార్చుకుని నడిపాం. అతని కారుకు అపోలో ఆల్నాక్ 4జీ టైర్లున్నాయి. ఒంగోలులో ఒక్కొక్కటి 6,800 రూపాయలకు కొన్నాడు, వాటి మీద 3324 అని ఉంది, బయటివైపే. పామూరు దాటాక తడిరోడ్డు మీద, వెనుక ఎవరూ లేనప్పుడు రెండు మూడు సార్లు కావాలనే గట్టిగా బ్రేకు తొక్కి చూశాను. కారు రోడ్డును పట్టుకుని నిలిచింది. గుంతల్లో కుదుపు తగ్గింది, చక్రాల హోరు కూడా అంతగా వినిపించలేదు. మెత్తటి రబ్బరు కనుక త్వరగా అరుగుతుందని అతనే ఒప్పుకున్నాడు. నలభై ఐదు వేల కిలోమీటర్లు వస్తే చాలునని అతని లెక్క. ఎక్కువ దూరం వచ్చే టైరా, తడిలో ఆగే టైరా అని ఎంచుకోవలసి వస్తే, వానాకాలంలో రోజూ రోడ్డెక్కే మనిషి రెండోదాన్నే కొనాలని నా గట్టి అభిప్రాయం. కిలోమీటరుకు పడే ఖర్చులో తేడా పైసల్లోనే ఉంటుంది.

సోమవారం సాయంత్రం షాపుకు వెళ్లాను. యజమాని తొణకలేదు. "టైరేమన్నా పాలా సార్, విరిగిపోయేదానికి?" అన్నాడు. నా దగ్గరున్నది చేతిరాత బిల్లు. దాని మీద జీఎస్టీ నంబరు లేదు, టైర్ల నంబర్లూ లేవు, "టైర్లు 4" అని మాత్రమే ఉంది. అప్పట్లో టైర్ల మీద పన్ను 28 శాతం, 2025 సెప్టెంబరు 22 నుంచి అది 18 శాతానికి తగ్గింది. ఆ రోజు పన్ను మిగులుతుందని పక్కా బిల్లు వద్దనుకోవడం నేను చేసిన తప్పు, అందువల్లనే గట్టిగా నిలదీయలేకపోయాను. రెండు గంటల వాదన తరువాత ఒక్కో టైరుకు 3,000 చొప్పున 12,000 రూపాయలు తిరిగి ఇచ్చాడు. 11,600 రూపాయలు పోయినట్టే.

వేరే షాపులో ఆల్నాక్, మిషెలిన్ ప్రైమసీ, యోకోహామా ఎర్త్-1 మూడింటి ధరలూ తేదీలూ అడిగి, ఆల్నాకే తీసుకున్నాను. నాలుగూ 27,400, అలైన్‌మెంటుకూ బ్యాలెన్సింగుకూ కలిపి 900. అక్కడ పనిచేసే కుర్రాడు బిగించకముందే ఒక్కో టైరునూ దొర్లించుకుంటూ తెచ్చి, తేదీ గడిని తడిగుడ్డతో తుడిచి చూపించాడు. నాలుగు నంబర్లూ బిల్లులో రాయించుకున్నాను. డిసెంబరులో మళ్లీ ఉదయగిరి వెళ్లినప్పుడు అదే చప్టా దగ్గర, అలాంటి వానలోనే బ్రేకు వేయవలసి వచ్చింది. కారు ఆగింది. అమ్మ నిద్ర లేవలేదు.