యానాం వంశవృక్షాల దుకాణం: తొమ్మిదో గడి పరీక్ష

కోనసీమ నుంచి ఎదుర్లంక వంతెన దాటి యానాం వచ్చేవాళ్లలో షష్టిపూర్తికో, పెళ్లికో, కొత్తింటి గోడకో వంశవృక్షం కావాలనుకునేవాళ్లు ఆగే చిన్న డీటీపీ దుకాణం ఒకటుంది. వివరాలు రాసుకోవడం, చార్టు గీయడం, అచ్చు వేసి చట్రం కట్టడం అన్నీ అక్కడే. గోడకు నమూనాగా పెట్టిన చార్టు మాత్రం ఇక్కడి ఏ జమీందారు వంశానిదీ కాదు. ఫ్రాన్సు నైరుతి ప్రాంతం అకితేన్‌ని ఏలిన డచెస్ అలియెనోర్ పూర్వికులది. ఇంగ్లీషు పుస్తకాల్లో ఎలినార్ అని కనిపించేది ఈవిడే. 1137లో తండ్రి పోవడంతో అకితేన్‌కి వారసురాలైంది. ఆ ఏడే ఏడో లూయీని పెళ్లాడి ఫ్రాన్సు రాణి అయింది, తరవాత రెండో హెన్రీ భార్యగా ఇంగ్లండు రాణి అయింది, 1204 ఏప్రిల్ 1న పోయింది.

దుకాణం పనితనం తేల్చుకోవడానికి ఈ నమూనాను మించిన కొలబద్ద లేదు. మీ ఇంటి చార్టులో తప్పు దొర్లితే పట్టుకోగలిగేది మీ ఇంట్లో ఏ పెద్దావిడో ఒక్కరే. అలియెనోర్ చార్టులో తప్పును చరిత్ర పుస్తకం తిరగేసిన ఎవరైనా పట్టుకుంటారు. అక్కడ పెట్టిన శ్రద్ధే మీ చార్టుకీ పెడతారు, అక్కడ చేసిన పొరపాటే మీకూ చేస్తారు. అందుకే దాన్ని గడిగడికీ సరిచూశాం.

ముందు గడుల అంకెలు. అసలు మనిషికి 1, తండ్రికి 2, తల్లికి 3. ఎవరి అంకెనైనా రెట్టింపు చేస్తే ఆ మనిషి తండ్రి, దానికి ఒకటి కలిపితే తల్లి. ఒక్క 1 తప్ప సరి అంకెలన్నీ మగవాళ్లు, బేసి అంకెలన్నీ ఆడవాళ్లు. ఐదు తరాలకు 31 గడులు, ఏడు తరాలకు 127. దుకాణం ఈ పద్ధతినే వాడుతుంది, తప్పు లేకుండా వాడుతుంది. అలియెనోర్ 1. తండ్రి పదో గియోమ్ 2, తల్లి అయెనోర్ 3. తాత తొమ్మిదో గియోమ్ 4, నాయనమ్మ తులూజ్ ఫిలిప్పా 5. తల్లి వైపు తాత షాటెల్రో ఎమెరీ 6, అమ్మమ్మ దాంజరూజ్ 7. ముత్తాత ఎనిమిదో గియోమ్ 8, ఆయన భార్య బుర్గుండీ ఇల్దెగార్ద్ 9.

ఈ తొమ్మిదో గడే అసలు పరీక్ష. మన వైపు గోడల మీద కనిపించే వంశవృక్షాల్లో చాలావాటిలో మగవాళ్ల పేర్లే ఉంటాయి. కింద కొడుకులు, మనవలు, పక్కన ఇంటిపేరు, గోత్రం. కోడళ్లు ఎవరి ఆడపడుచులో ఉండదు. అలియెనోర్‌కి అలా గీస్తే ఆవిడ రెండు పెళ్లిళ్ల కథా పోతుంది. ఇల్దెగార్ద్ తండ్రి రొబేర్ (18), ఆయన తండ్రి ఫ్రాన్సు రాజు రెండో రొబేర్ (36), ఆయన తండ్రి యూగ్ కాపే (72). అదే రెండో రొబేర్ ఇంకో కొడుకు మొదటి హాన్రీ, అతని కొడుకు మొదటి ఫిలిప్, అతని కొడుకు ఆరో లూయీ, అతని కొడుకే అలియెనోర్ మొదటి భర్త ఏడో లూయీ. రొబేర్ నుంచి లూయీ నాలుగో మెట్టు, అలియెనోర్ ఐదో మెట్టు. ఏడు మెట్ల లోపు చుట్టరికం ఉంటే పెళ్లి చెల్లదని అప్పటి చర్చి నియమం. ఆ నియమం చూపించే 1152 మార్చి 21న బోజాన్సీలో పెళ్లి రద్దు చేశారు. 1215లో నాలుగో లాటరన్ సభ (చర్చి పెద్దల సభ) ఏడును నాలుగుకు తగ్గించింది.

ఇక ఇల్దెగార్ద్ తల్లి ఆంజూ ఎర్మాంగార్ద్ (19). ఈవిడకు అంతకుముందు ఇంకో పెళ్లి అయింది. ఆ మొదటి భర్త వల్ల పుట్టిన నాలుగో ఫూల్క్ నుంచి ఐదో ఫూల్క్, జెఫ్రీ, రెండో హెన్రీ. అలియెనోరూ హెన్రీ ఇద్దరూ ఎర్మాంగార్ద్‌కి నాలుగో మెట్టు. దగ్గరి చుట్టమని లూయీతో పెళ్లి రద్దయిన ఎనిమిది వారాలకే, మే 18న, అంతకంటే దగ్గరి చుట్టాన్ని పువాతియేలో పెళ్లాడింది. రెండు చుట్టరికాలూ తొమ్మిదో గడిలోని ఒక్క ఆడమనిషి మీదుగానే నడిచాయి. ఆ గడి ఖాళీగా వదిలిన చార్టుకి డబ్బు ఇవ్వకండి. ఈ దుకాణం వదల్లేదు. పైగా 18కీ 19కీ వేరే రంగు గీతలు లాగి ఏ గీత లూయీ దగ్గరికి, ఏది హెన్రీ దగ్గరికి పోతుందో చూపించింది. చార్టు మొత్తంలో మెచ్చుకోవలసిన పని ఇదే. ఐదు తరాల చార్టులో హెన్రీ చుట్టరికం అందుతుంది, లూయీది అందాలంటే ఆరో తరం ఉండాలి. ఎన్ని తరాలు కావాలో తేల్చుకునేటప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి.

మన తర్పణం జాబితా ఈ విషయంలో గోడ చార్టుల కంటే మెరుగు. పితృ, పితామహ, ప్రపితామహ అంటే 2, 4, 8. మాతృ, పితామహి, ప్రపితామహి అంటే 3, 5, 9. తల్లి వైపు తాతల వరస 6, 12, 24. వాళ్ల భార్యల వరస 7, 13, 25. మొత్తం పన్నెండు పేర్లు. ప్రపితామహి తొమ్మిదో గడే! బ్రహ్మగారు చదివించే పేర్లు కాగితం మీద పెట్టుకుంటే చార్టులో ముఖ్యమైన సగం అక్కడే నిండుతుంది. అందులో రానివి 10, 11, 14, 15, అంటే నాయనమ్మ పుట్టింటివారు, అమ్మమ్మ పుట్టింటివారు. అలియెనోర్‌కి 10 తులూజ్ కౌంట్ నాలుగో గియోమ్. ఆయన కూతురు ఫిలిప్పా ద్వారా వచ్చిన హక్కు పేరు చెప్పే 1141లో లూయీ, 1159లో హెన్రీ తులూజ్ మీదికి సైన్యం నడిపారు. నాయనమ్మ పుట్టింటి గడి విలువ అంతటిది. దుకాణం వివరాల ఫారంలో ఈ నాలుగు గడులూ ‘ఐచ్ఛికం’ అని ఉన్నాయి. ఆ మాట తీసేయాలి.

ఏడో గడి దగ్గర మామూలుగా అందరూ చేసే తప్పును వీళ్లు తప్పించుకున్నారు. దాంజరూజ్ ఎమెరీ భార్య. తొమ్మిదో గియోమ్ ఆవిడను తీసుకువెళ్లి పువాతియే కోటలో ఉంచుకున్నాడు. తరవాత గియోమ్ కొడుకుకీ దాంజరూజ్ కూతురుకీ పెళ్లయింది. వాళ్ల బిడ్డే అలియెనోర్. అంటే 4, 7 కలిసి బతికారు గానీ 2కీ 3కీ తల్లిదండ్రులు వేరు. సాఫ్ట్‌వేర్‌లో 4నీ 7నీ జంటగా ఎక్కించి, అయెనోర్‌ని ఆ జంట కింద పెడితే అలియెనోర్ తల్లీ తండ్రీ అన్నాచెల్లెళ్లవుతారు! దుకాణం 4–5, 6–7 మధ్య నిండు గీత గీసి, 4–7 మధ్య చుక్కల గీత మాత్రం పెట్టి, దాని కింద పిల్లల్ని పెట్టలేదు. రెండో పెళ్లి, దత్తత ఉన్న ఇళ్లకు ఇదే కావాలి. దత్తపుత్రుడికి కన్నవారి గీత ఒకటి, పెంచుకున్నవారి చుక్కల గీత ఒకటి అడిగి వేయించుకోండి.

తప్పుల్లో పెద్దది ఎనిమిదో గడిలో ఉంది. అక్కడ ‘ఆరో గియోమ్’ అని వేశారు. కింద 4లో తొమ్మిదో గియోమ్, 2లో పదో గియోమ్. చూసేవాళ్లకు మధ్యలో రెండు తరాలు ఎగిరిపోయినట్టు కనిపిస్తుంది. నిజానికి మనిషి ఒక్కడే. పువాతూ కౌంట్‌గా ఆరో గియోమ్, అకితేన్ డ్యూక్‌గా ఎనిమిదో గియోమ్. రెండు పట్టికలు కలిపేస్తే ఈ గందరగోళం తప్పదు. పైగా ఈ అంకెలు గద్దెవి, తరాలవి కావు. ఐదో గియోమ్ (16) కొడుకులే ఒకరి తరవాత ఒకరు ఆరో, ఏడో, ఎనిమిదో గియోమ్‌లయ్యారు. ఎనిమిదో ఆయన అసలు పేరు గీ జెఫ్రువా, 1058లో అధికారానికి వచ్చాక గియోమ్ అయ్యాడు. తాత పేరు మనవడికి పెట్టుకునే మన ఇళ్లలోనూ ఇదే చిక్కు. ‘పెద్ద వెంకన్న’, ‘చిన్న వెంకన్న’ అని రాస్తే ఇరవయ్యేళ్ల తరవాత ఎవరు పెద్దో తెలియదు. పేరు పక్కన భార్య పేరో ఊరో పెట్టించండి, అది చెదరదు.

ఇంకో చోట తులూజ్ నాలుగో గియోమ్ ఇంగ్లీషు రూపంలో ‘విలియం’ అయ్యాడు. ఒకే చార్టులో రెండు భాషల పేర్లుంటే కంప్యూటరూ మనుషులూ ఇద్దరనుకుంటారు. అలియెనోర్ పుట్టిన ఏడు ‘1122’ అని గట్టిగా వేశారు. అక్కడ ‘1122 లేదా 1124’ అని ఉండాలి. తొమ్మిదో గియోమ్ మరణం ఫిబ్రవరి 10, ఏడు కొన్ని పుస్తకాల్లో 1126, కొన్నింటిలో 1127. ఆ కాలంలో చాలాచోట్ల కొత్త ఏడు జనవరి 1న కాక మార్చి 25నో ఈస్టర్‌కో మొదలయ్యేది, కాబట్టి జనవరి–మార్చి తేదీలకు రెండేళ్లు రాసుకోవడమే పద్ధతి. ఉగాదికి ముందు పోయిన మన పెద్దలకూ అంతే. తెలుగు సంవత్సరం పేరూ ఇంగ్లీషు ఏడూ రెండూ ఇవ్వండి, దుకాణం లెక్క కట్టనవసరం లేకుండా.

మేనరికం దగ్గర మాత్రం దుకాణం బాగా వెనకబడి ఉంది. మేనత్త కొడుకు, మేనమామ కూతురు పెళ్లాడితే వాళ్ల బిడ్డ చార్టులో 5, 6 తోబుట్టువులు. అప్పుడు 10, 12 ఒకరే, 11, 13 ఒకరే. ఎనిమిదిమంది ఉండవలసిన చోట ఆరుగురే. మేనమామే మేనకోడల్ని చేసుకుంటే 14, 4 ఒకరే, 15, 5 ఒకరే. ఒకే మనిషి రెండు వేర్వేరు తరాల్లో కూర్చుంటాడు. దుకాణంవారి సాఫ్ట్‌వేర్ వీళ్లను ఇద్దరిద్దరుగా అచ్చు వేస్తుంది, ఒక గడిలో పుట్టిన తేదీ ఉండి రెండో గడిలో లేకుండా. డెల్టాలో మేనరికం లేని ఇల్లు ఎక్కడుంది? ఆర్డరిచ్చేటప్పుడే ‘12వ గడి 10వ గడే’ అని రాసివ్వండి, రెండు గడులకీ ఒకే రంగు అంచు వేయమనండి. అడిగితే వేస్తున్నారు, అడక్కపోతే వేయడం లేదు.

ఆధారాల వెతుకులాటలో యానాం కుటుంబాలకు వీళ్ల సేవ బాగుంది. ఫ్రెంచి కాలపు జనన, వివాహ, మరణ రిజిస్టర్లు ఫ్రాన్సులో ఎక్స్ నగరంలోని సముద్రాంతర దేశాల ఆర్కైవుల్లో ఉన్నాయి, స్కాన్ చేసినవి ఆన్‌లైన్‌లో చూడొచ్చు. ఊరి పేరు ‘Yanaon’ అన్న ఫ్రెంచి రూపంలో వెతకాలి. మన ఉకారం ఓ, యు అని రెండక్షరాలతోనూ, చకారం టీ, సీ, హెచ్ అని మూడక్షరాలతోనూ ఉంటుంది. ఇంగ్లీషు స్పెల్లింగుతో వెతికి లేదనుకునేవాళ్లే ఎక్కువ. పెళ్లి పత్రం దొరికితే ముందు అదే తీయించండి, రెండు వైపులా తల్లిదండ్రుల పేర్ల కోసం. వంతెన అవతలి కుటుంబాలకు ఆ సదుపాయం లేదు. పంపకాల దస్తావేజులు, రిజిస్ట్రారు ఆఫీసు నకళ్లు, పాత శుభలేఖలు మీరే పట్టుకురావాలి. దస్తావేజులో తండ్రి పేరు ఉంటుంది, తల్లి పేరు తరచూ ఉండదు. అది శుభలేఖలో వెతకాలి.

అచ్చు సంగతి. ఏడు తరాలు ఏ1 కాగితం మీద నిలువుగా పైకి పెరిగే చెట్టులా వేస్తే, 841 మిల్లీమీటర్ల వెడల్పులో 64 గడులు పడాలి. గడికి 13 మిల్లీమీటర్లు. తెలుగు పేరు అందులో ఇమడదు, నిలువుగా తిప్పితే చదవలేం. ఎడమ నుంచి కుడికి పడుకోబెట్టిన చెట్టు అడగండి. 594 మిల్లీమీటర్ల ఎత్తులో గడికి 9 మిల్లీమీటర్లే వచ్చినా పేరు అడ్డంగా సాగుతుంది, వత్తులు కింది గడికి తగలవు. ఫ్లెక్సు వద్దు, కిటికీ ఎదురుగా ఉంటే రంగు పోతుంది. లామినేషన్‌కి కాగితం చుట్టూ కనీసం 5 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ అంచు వదలాలి. కాగితం అంచు వరకూ కోసేస్తే మన వానాకాలం తేమ పక్కల నుంచి లోపలికి పోయి బూజు పడుతుంది. గోడ నమూనాకి కింది కుడి మూల ఇప్పటికే ఆ మరక ఉంది.

ఫైలు కూడా తీసుకోండి. పీడీఎఫ్ ఒక్కటి ఇచ్చి ఊరుకుంటారు. యూనికోడ్ తెలుగులో జెడ్‌కామ్ (GEDCOM, వంశవృక్షాల సాఫ్ట్‌వేర్‌లన్నీ చదవగల పద్ధతి) ఫైలు అడిగితే రేపు ఇంకో సాఫ్ట్‌వేర్‌లో తెరుచుకుంటుంది. పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన ఫైలు మాత్రం వేరే కంప్యూటర్లో అక్షరాలు ముక్కలై కనిపిస్తుంది, మళ్లీ మొదటి నుంచి కొట్టించుకోవాలి.

మొదటిసారి చేయించుకునేవాళ్లు ఐదు తరాల చార్టుతో మొదలుపెట్టడం మంచిది. 31 గడుల్లో నిండనివి ఖాళీగా, అంకెతో సహా ఉంచమనండి. 2027 గోదావరి పుష్కరాలకి పేర్లు కావాల్సినవాళ్లు తర్పణం పన్నెండు గడులు ఏ4 కాగితం మీద పెద్ద అక్షరాలతో విడిగా వేయించుకుని లామినేషన్ చేయించండి. రేవులో చెయ్యి తడిగా ఉంటుంది.