ప్రాస్పెక్టుల ట్రేడ్ లెక్క తేలే చోటు: రోస్టర్‌రిసోర్స్ జీతాల పట్టిక

మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో ఒక జట్టు తన ప్రాస్పెక్టులను, అంటే ముందుముందు రాణిస్తారని ఆశపెట్టుకున్న కుర్ర ఆటగాళ్లను ఇచ్చి పేరున్న ఆటగాడిని తెచ్చుకున్న ప్రతిసారీ, ఎవరికి లాభం, ఎవరికి నష్టం అన్న వాదన ఆ రాత్రే మొదలవుతుంది. ఆ వాదనలోకి దిగే ముందు నేను తెరిచి చూసేది ఫ్యాన్‌గ్రాఫ్స్ అనే బేస్‌బాల్ గణాంకాల సైటులోని రోస్టర్‌రిసోర్స్ జీతాల పట్టికను. ట్రేడ్ వార్తలు చెప్పకుండా వదిలేసే సగం కథ అందులో దొరుకుతుంది.

30 జట్లకూ వేరువేరు పేజీలున్నాయి. ఒక్కో ఆటగాడికి ఒక వరుస, రాబోయే ఒక్కో సీజన్‌కు ఒక గడి. ఒప్పందం ఉన్నంత కాలం ఆ గడుల్లో జీతం కనిపిస్తుంది. ఒప్పందం లేని కుర్రవాళ్లకైతే ఆర్బిట్రేషన్ (జీతంపై జట్టుతో కుదరకపోతే మధ్యవర్తులు తేల్చే పద్ధతి) ఏ ఏడాది మొదలవుతుందో, ఫ్రీ ఏజెంట్ (ఏ జట్టుతోనైనా ఒప్పందం చేసుకోగల ఆటగాడు) ఎప్పుడవుతారో కనిపిస్తుంది. మేజర్ లీగ్ రోస్టర్‌లో, అంటే జట్టు ఆటగాళ్ల జాబితాలో 172 రోజులుంటే ఒక సర్వీసు ఏడాది పూర్తయినట్టు లెక్క. సాధారణంగా మూడేళ్ల తర్వాత ఆర్బిట్రేషన్, ఆరేళ్ల తర్వాత స్వేచ్ఛ. మొదటి మూడేళ్లు జట్టు ఇవ్వవలసింది కనీస వేతనం, లేదా అంతకు కాస్త ఎక్కువ మాత్రమే. 2025లో ఆ కనీసం 7.6 లక్షల డాలర్లు. ప్రాస్పెక్టు విలువలో ప్రతిభ ఎంతో, ఈ చవక సంవత్సరాలు కూడా అంతేనన్న సంగతి ఈ పట్టికలో చూసినంత స్పష్టంగా నాకు మరెక్కడా అర్థం కాలేదు.

హువాన్ సోటో వ్యవహారాన్నే తీసుకుందాం. 2022 ఆగస్టు 2న సాన్ డియాగో పాడ్రెస్ అతడిని జాష్ బెల్‌తో సహా వాషింగ్టన్ నేషనల్స్ నుంచి తెచ్చుకుంది. బదులుగా ఇచ్చినవారిలో సి.జె. ఏబ్రమ్స్, మెకెంజీ గోర్, జేమ్స్ వుడ్ ఉన్నారు. పాడ్రెస్‌కు దక్కింది మిగిలిన 2022, ఆపై మరో రెండు సీజన్లు; నేషనల్స్‌కు దక్కినవి ఒక్కొక్కరిపైన ఏళ్ల తరబడి సాగే చవక గడులు. ఇక్కడితో ఆగితే పాడ్రెస్ నష్టపోయిందని తీర్పు చెప్పేయవచ్చు. కానీ 2023 డిసెంబరులో ఆ జట్టు సోటోను న్యూయార్క్ యాంకీస్‌కు పంపి, ఆ తర్వాత 3.1 కోట్ల డాలర్లుగా ఖరారైన అతడి 2024 జీతపు గడిని ఖాళీ చేసుకుంది. మైకల్ కింగ్, డ్రూ థోర్ప్ తదితరులను తీసుకుంది. మూడు నెలలు తిరిగేసరికి థోర్ప్‌ను, మరికొందరిని షికాగో వైట్ సాక్స్‌కు ఇచ్చి, ఆ ఏడాదికి 80 లక్షల డాలర్ల జీతమున్న డిలన్ సీస్‌ను తెచ్చుకుంది. ఒక్క పెద్ద గడి ఖాళీ అయ్యేసరికి కింగ్, సీస్ అనే ఇద్దరు స్టార్టింగ్ పిచర్లకు (ఆట మొదటి నుంచి బంతి విసిరేవారికి) చోటు దొరికింది. యాంకీస్ దగ్గర ఒక్క సీజన్ ఆడిన సోటో, 15 ఏళ్లకు 76.5 కోట్ల డాలర్ల ఒప్పందంతో న్యూయార్క్ మెట్స్‌కు వెళ్లిపోయాడు.

ఈ పట్టికలో నాకు అన్నిటికన్నా నచ్చినది, చేతి నుంచి పోయే జీతాల మొత్తాన్నీ, లగ్జరీ ట్యాక్స్ (జీతాలు ఒక గీత దాటితే జట్టు కట్టే పన్ను) కోసం లెక్కించే మొత్తాన్నీ విడివిడిగా చూపడం. పన్నుకు లెక్కలోకి వచ్చేది ఒప్పందపు వార్షిక సగటు. షోహెయ్ ఒహ్తానీ 70 కోట్ల డాలర్ల ఒప్పందంలో 68 కోట్లు తర్వాతి కాలానికి వాయిదా పడ్డాయి కనుక, ఏటా అతడి చేతికి వచ్చేది 20 లక్షలే అయినా పన్ను లెక్కలో సుమారు 4.6 కోట్లు పడతాయి. 2025లో పన్ను గీత 24.1 కోట్ల దగ్గర ఉంది. దాన్ని మొదటిసారి దాటితే అదనపు మొత్తంపై 20 శాతం, వరుసగా రెండో ఏడు 30, మూడో ఏడు నుంచి 50. గీతను 4 కోట్లు మించితే సాధారణంగా మొదటి డ్రాఫ్ట్ పిక్ (కొత్త కుర్రవాళ్లను ఎంచుకునే వంతు) పది స్థానాలు వెనక్కి జరుగుతుంది. అంటే నేటి జీతాల భారం రేపటి ప్రాస్పెక్టుల మీద కూడా పడుతుంది.

లోపాలూ ఉన్నాయి. ఈ పట్టికలో చవక గడులన్నీ ఒకేలా కనిపిస్తాయి. తప్పకుండా రాణిస్తాడనుకున్న షార్ట్‌స్టాప్‌కూ (ఇన్‌ఫీల్డ్ ఆటగాడికీ), భుజం నొప్పితో బెంచీ మీదుండే రిలీవర్‌కూ (ఆట మధ్యలో దిగే పిచర్‌కూ) తేడా తెలియదు. ఆ తేడా కోసం అదే సైటులోని ‘ది బోర్డ్’ పేజీకి వెళ్లి, 20 నుంచి 80 దాకా ఉండే కొలమానంలో ప్రాస్పెక్టుకు ఎంత వచ్చిందో చూసుకోవాలి. 50 అంటే సగటు మేజర్ లీగ్ ఆటగాడి స్థాయి. ఈ రెండింటినీ కలిపి డాలర్లలో చెప్పే పని మాత్రం పాఠకుడిదే. కాగితం, పెన్సిలు ఇష్టపడే నాలాంటివారికి అదొక సరదా. ఒక్క చూపులో తీర్పు కావాలనుకునేవారికి విసుగు పుట్టవచ్చు. ఆర్బిట్రేషన్ జీతాలు ఖరారయ్యేదాకా అంచనాలేనని కూడా గుర్తుంచుకోవాలి.

2027, ఆ తర్వాతి గడులను చదివేటప్పుడు మరింత జాగ్రత్త అవసరం. లీగ్‌కూ ఆటగాళ్ల సంఘానికీ మధ్య 2022లో కుదిరిన కార్మిక ఒప్పందం 2026 డిసెంబరు 1న ముగిసేలా ఉంది. పన్ను గీతను అది 2026 సీజన్‌కు 24.4 కోట్ల దాకా మాత్రమే నిర్ణయించింది. ఆ తర్వాతి ఏళ్ల జీతాలు ఈ పట్టికలో వరుసగా ఉన్నా, వాటిని పోల్చి చూసే గీత అక్కడితో ఆగిపోతుంది.