మూడున్నరేళ్లు వాడిన నాన్‌స్టిక్ పాన్: కోటింగ్ బానే ఉంది, అడుగు పోయింది

నాన్‌స్టిక్ పాన్ కొనేవాళ్లందరూ అడిగేది కోటింగ్ గురించే. ఎన్ని పొరలు, గీతలు పడతాయా, గ్రానైటా సిరామిక్కా అని. నేనూ అవే అడిగాను. అడుగు మందం ఎంతని మాత్రం అడగలేదు, ఇప్పుడు నా బాధంతా దాని గురించే.

అసలు మా ఇంట్లోకి నాన్‌స్టిక్ వచ్చిందే అమ్మ కోసం. కొలెస్ట్రాల్ ఎక్కువుంది, నూనె బాగా తగ్గించండి అన్నారు డాక్టరుగారు. అమ్మకేమో వేపుడు లేకపోతే ముద్ద దిగదు. మా ఆవిడ ఏడున్నరకే బస్సెక్కాలి కాబట్టి పొద్దున వంట నాదే, ఇనప మూకుట్లో దొండకాయ వేపుడు అడుగంటకుండా రావాలంటే ఎంత నూనె తాగుతుందో చేసేవాళ్లకి తెలుసు. అందుకని కాకినాడ మెయిన్ రోడ్‌లో స్టీలు సామాన్ల కొట్టుకెళ్లి 24 సెంటీమీటర్ల పాన్, ఇండక్షన్ అడుగున్నది, గాజు మూతతో తెచ్చా. కంపెనీ పేరు రాయట్లేదు, ఎందుకో కింద చదివితే తెలుస్తుంది.

మొదటి రెండేళ్లు దాన్ని పొగడని రోజు లేదు. ఒక టీస్పూన్ నూనె, అంటే 5 మిల్లీలీటర్లు, దాంతో ముగ్గురికి సరిపడా దొండకాయ వేపుడు అయిపోయేది. ఆమ్లెట్ పాన్ వంచితే జారి పళ్లెంలో పడేది. చందువ చేప తిరగేస్తే తోలు ఊడేది కాదు, అది నాకు అన్నిటికంటే పెద్ద సంతోషం, ఎందుకంటే ఇనప పెనం మీద సగం చేప పెనానికే పోయేది. చెక్క గరిటె తప్ప ఇంకోటి తగలనిచ్చేవాణ్ని కాదు, స్టీలు పీచు దాని దగ్గరికి రానిచ్చేవాణ్ని కాదు. నా మాట విని రాజమండ్రిలో మా అక్క కూడా అదే కొనుక్కుంది.

వేడి విషయంలో కూడా మొదట్నుంచీ జాగ్రత్తే. మనం టెఫ్లాన్ అని పిలిచే ఆ పూత 260 డిగ్రీలు దాటితే పాడవటం మొదలెడుతుంది, పెద్ద మంట మీద ఖాళీ పాన్ పెట్టి వదిలేస్తే కొద్ది నిమిషాల్లోనే అంత వేడెక్కిపోతుంది, అందుకే నూనె వేశాకే స్టవ్ వెలిగించేవాణ్ని, మంట మీడియం దాటనిచ్చేవాణ్ని కాదు. అట్టపెట్టె మీద పి.ఎఫ్.ఓ.ఏ. లేదు అని పెద్దక్షరాలతో రాస్తారు చూడండి, అది చూసి ఎక్కువ డబ్బులు పెట్టక్కర్లేదు, పూత తయారీలో వాడే ఆ కెమికల్‌ని పెద్ద కంపెనీలు 2015 నాటికే మానేశాయి.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నవాణ్ని ఒక ఆదివారం మధ్యాహ్నం కుళాయి దగ్గర దెబ్బతిన్నాను.

ఆ రోజు అక్కా బావగారూ పిల్లలతో వచ్చారు. పొద్దున్నే వెళ్లి చందువలు తెచ్చా, మసాలా పట్టించి రెండు వాయిలు వేపాను. మా మేనకోడలు చేప ముట్టుకోదు, దానికి ఆమ్లెట్ కావాలంది. పాన్‌లో మాడిన మసాలా ముక్కలున్నాయి, ఆ వాసనతో ఆమ్లెట్ వేస్తే పిల్ల తినదు, పక్క స్టవ్ మీద చారు మరుగుతోంది, వేరే పాన్ లేదు. సరే ఒక్క నిమిషం కడిగేద్దామని స్టవ్ మీంచి తీసింది తీసినట్టే సింకులో పెట్టి కుళాయి తిప్పాను. బుస్సుమని ఆవిరి లేచింది, దాంతోపాటే టంగ్‌మని ఒక చప్పుడు. హాల్లో ఉన్న బావగారు కూడా ఏంటది అన్నారు. గిన్నె ఏదో తగిలిందనుకున్నా.

తుడిచి మళ్లీ స్టవ్ మీద పెట్టి మధ్యలో చెంచాడు నూనె వేశాను. ఆ నూనె మధ్యలో ఒక్క చుక్క ఆగకుండా చుట్టూ అంచుకి పోయి ఉంగరంలాగా నిలబడిపోయింది. స్టవ్ వాలుగా ఉందేమో అని పాన్ అటూ ఇటూ తిప్పి చూశా, ఎటు తిప్పినా అంతే. గుడ్డు కొట్టి పోస్తే అది కూడా అంచుకే. మధ్యలో పల్చగా కాగితంలా మాడింది, అంచున మందంగా పచ్చిగా ఉండిపోయింది. పిల్లకి అదే పెట్టాల్సొచ్చింది, పాపం ఏమనకుండా తింది.

సాయంత్రం పాన్ బోర్లించి అడుగు మీద అబ్బాయి స్టీలు స్కేలు అడ్డంగా పెట్టి చూశా. స్కేలుకీ అడుగుకీ మధ్యలో రూపాయి బిళ్ల అవలీలగా దూరిపోయింది. అంటే మధ్యభాగం లోపలికి ఉబ్బిపోయింది. పాన్ ఒళ్లు అల్యూమినియం, ఇండక్షన్ కోసం అడుగున బిగించేది స్టీలు రేకు, వేడికి అల్యూమినియం ఆ స్టీలు కంటే దాదాపు రెండింతలు సాగుతుంది. అలా సాగి ఉన్నప్పుడు చన్నీళ్లు పడితే ఒక్కసారిగా లాక్కుంటుంది, రేకు పల్చనైతే ఆ లాగుడుకి తట్టుకోలేక వంగిపోతుంది. నా పాన్ మందం 2.6 మిల్లీమీటర్లట, పెట్టె మీద ఉంది, అప్పుడు చదవలేదు.

కొట్టుకి తీసుకెళ్తే ఆయన మర్యాదగానే చెప్పాడు, "పూత లేస్తే వారంటీ ఉంటది బాబూ, అడుగు వంగితే రాదు" అని. తప్పు నాది కూడా ఉంది కాబట్టే పేరు రాయట్లేదు. అక్క దగ్గరున్న అదే పాన్ ఇప్పటికీ బల్లపరుపుగా ఉంది, వండాక భోజనాలయ్యేదాకా స్టవ్ మీదే చల్లారనిచ్చి తర్వాత కడుగుతుందట.

ఇప్పుడు వెనక్కి చూసుకుంటే ఇంకో సంగతి ఒప్పుకోవాలి. రెండో ఏడు చివర్లోనే ఆమ్లెట్ కాస్త ఓ పక్కకి జారుతుండేది, గట్టు వాలు అనుకుని వదిలేశా. వేడివేడి పాన్ నీళ్లలో పెట్టడం అంతకుముందు కూడా ఒకట్రెండు సార్లు చేసుంటాను. మూడో ఏడుకి పూత రంగు మధ్యలో వెలిసింది, నూనె కూడా చెంచా నుంచి చెంచాన్నర అయింది. కాబట్టి అందరికీ చెప్పిన ఆ ఒక్క చెంచా లెక్క మొదటి రెండేళ్లదే.

ఉబ్బాక కూడా నాలుగు నెలలు లాగించాను. ఎక్కువ నూనె పోసుకునేవాళ్లకి ఈ ఉబ్బు పెద్ద సమస్య కాకపోవచ్చు, నూనె మధ్యదాకా అందుతుంది. కానీ మేము కొన్నదే నూనె తగ్గించడానికి, ఉన్న ఒక్క చెంచాడూ అంచుకి పోతే మధ్యలో దొండకాయలు నూనె లేకుండా మాడతాయి, అంచున ఉన్నవి నూనెలో నానతాయి. ఇండక్షన్ స్టవ్ మీదైతే మరీ అన్యాయం, అడుగు గాజుకి ఆనట్లేదు కాబట్టి వేడి సరిగ్గా ఎక్కదు, అంచు మాత్రం కాలుతుంది.

సంక్రాంతి ముందు కొత్తది కొనడానికి జేబులో స్కేలు పెట్టుకుని వెళ్లా. కొట్లో అబ్బాయి మూడు పాన్‌లు తెస్తే మూడూ బోర్లించి స్కేలు పెట్టి చూశాను. చల్లగా ఉన్నప్పుడు మధ్యలో కాగితం దూరేంత సందు ఉండటం మామూలే, వేడెక్కితే సమంగా పరుచుకోవడానికి కావాలనే అలా చేస్తారు, బిళ్ల దూరితే మాత్రం వద్దనుకోవాలి. అడుగు 4 మిల్లీమీటర్లున్నది తీసుకున్నా. ధర పాతదానికి దాదాపు రెండింతలు, బరువూ అంతే. వేడెక్కడానికి కాస్త టైం పడుతుంది కానీ ఎక్కాక మధ్యా అంచూ ఒకేలా వేగుతున్నాయి, నూనె వేసిన చోటే ఉంటోంది. ఎనిమిది నెలలే అయింది, దీన్ని అప్పుడే మరీ పొగడను.

మా ఇంట్లో గ్యాసూ ఇండక్షనూ రెండూ వాడతాం, నూనె కొలిచి వేస్తాం, అందుకని నాకు మందమే ముఖ్యమైంది. గ్యాస్ మీద మాత్రమే వండేవాళ్లకి, ఆగి చల్లార్చుకునే ఓపిక ఉన్నవాళ్లకి అక్కలాగా పల్చటిదైనా సరిపోతుందేమో. మందపుదాంతో నాకొచ్చిన ఇబ్బంది ఒకటుంది, అమ్మ దాన్ని ఒంటిచేత్తో దించలేకపోతోంది, మణికట్టు నొప్పంటుంది. నేను లేనప్పుడు గుడ్డు వేసుకోవడానికని తనకోసం 20 సెంటీమీటర్ల తేలికది వేరే కొన్నాను. అది పల్చటిదే, అందుకని తను తిని చెయ్యి కడుక్కునేదాకా దాన్ని స్టవ్ మీంచి తియ్యొద్దని చెప్పి ఉంచాను.